వైటోమో వెలుగు గుహకు దారి చూపిన టానే టినోరౌ: గుహ పోయింది, ఎనభై ఏళ్లకు మనవళ్లకు దక్కింది

1887లో న్యూజీలాండ్ ఉత్తర దీవిలో, ఒక వాగు కొండ కిందికి దూరి మాయమయ్యే చోట, ఇద్దరు మనుషులు చిన్న తెప్ప ఎక్కారు. హరాకెకె అనే నారమొక్క కాడలను కట్టగా కట్టి చేసిన తెప్ప అది. చేతిలో కొవ్వొత్తులు తప్ప వేరే వెలుతురు లేదు. ఒకరు ఆ ప్రాంతపు మావోరీ నాయకుడు టానే టినోరౌ. రెండోవారు ఫ్రెడ్ మేస్ అనే ఇంగ్లిష్ సర్వేయరు. వాగు నీటి మీద తేలుతూ లోపలికి వెళ్లారు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, కింద నీళ్లలో వేల చుక్కలు మెరుస్తూ కనిపించాయి. తల పైకెత్తి చూస్తే, గుహ కప్పు నిండా నీలి వెలుగే.

ఆ గుహ ఇప్పుడు వైటోమో గ్లోవార్మ్ కేవ్‌. ఆక్లండ్‌కు దక్షిణంగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. న్యూజీలాండ్ వెళ్లిన పర్యాటకులు తప్పకుండా చూసే చోట్లలో ఇదొకటి. అక్కడి తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకెళ్లే జాబితాలోనూ దీని పేరు ఉంటుంది. పడవలో కూర్చుని పైకి చూసి వచ్చేవారిలో ఎక్కువ మందికి టానే పేరు గైడు చెప్పే రెండు వాక్యాల్లోనే తెలుస్తుంది. కానీ ఆయన కథ గుహను కనుక్కోవడంతో ఆగదు. తన నేల కింద ఉన్న వింతను తానే లోకానికి చూపించి, దానికి పేరొచ్చాక దాన్ని సర్కారుకు కోల్పోయిన మనిషి కథ అది. చూపించినవాడికి, స్వాధీనం చేసుకున్నవాడికి మధ్య ఆ లెక్క తేలడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

టోపీ అంచు కింది నేల

టానే మానియాపోటో తెగకు చెందినవారు. ఆ తెగ నేలను ఇంగ్లిష్‌వారు కింగ్ కంట్రీ అన్నారు. మావోరీలు రోహే పోటాయ్ అంటారు, అంటే టోపీ ప్రాంతం అని. ఈ రెండు పేర్ల వెనకా ఒక యుద్ధం ఉంది.

1840లో బ్రిటిష్ రాణి ప్రతినిధులకు, మావోరీ నాయకులకు మధ్య వైటాంగి ఒప్పందం కుదిరింది. మావోరీల భూములు వారివేనని అందులో హామీ ఉంది. కానీ వలస వచ్చేవారి సంఖ్య పెరిగేకొద్దీ భూమి మీద ఒత్తిడి కూడా పెరిగింది. భూముల అమ్మకాన్ని ఆపడానికి అనేక తెగలు కలిసి 1858లో తమకంటూ ఒక రాజును ఎన్నుకున్నాయి. వలస ప్రభుత్వం దీన్ని ధిక్కారంగా చూసింది. 1863 జులైలో సైన్యం వైకాటో ప్రాంతంలోకి వచ్చింది. 1864 ఏప్రిల్‌లో ఒరాకౌ దగ్గర ఆ యుద్ధంలోని చివరి పెద్ద పోరు ముగిసింది. ఓడిన తెగల దగ్గరి నుంచి దాదాపు 12 లక్షల ఎకరాలు జప్తు అయ్యాయి.

రెండో మావోరీ రాజు టాఫియావో తన జనంతో దక్షిణంగా వచ్చి మానియాపోటో తెగ దగ్గర తలదాచుకున్నారు. పునియు నది సరిహద్దు అయింది. దానికి దక్షిణంగా దాదాపు ఇరవై ఏళ్ల పాటు వలస ప్రభుత్వం మాట చెల్లలేదు. తెల్లవారు ఎవరైనా అనుమతి లేకుండా నది దాటితే ప్రాణానికే ముప్పు. వైటోమో గుహలు ఉన్నది ఈ సరిహద్దు లోపలే. బయటి లోకానికి ఆ గుహల సంగతి అంత ఆలస్యంగా తెలియడానికి కారణం ఇదే.

ఆ గుహల మాట అక్కడివారికి తెలియనిది కాదు. వైటోమో అనే పేరే అందుకు సాక్ష్యం. మావోరీ భాషలో వై అంటే నీరు, టోమో అంటే నేలలోని గుంత. నీళ్లు నేలలోకి దిగే చోటు అని ఆ పేరుకు అర్థం. దగ్గర్లోనే ఉన్న రువాకురి గుహ ముఖద్వారం చనిపోయినవారిని ఉంచిన పవిత్ర స్థలం. కాబట్టి మేస్ గుహను కనుగొన్నాడనే మాట అప్పుడూ నిజం కాదు, ఇప్పుడూ కాదు. ఉందని తెలిసిన గుహ లోపలికి వాగు వెంట పూర్తిగా వెళ్లి చూడటం మాత్రమే 1887లో జరిగింది.

రైలు వచ్చింది, వెనకే కోర్టు వచ్చింది

1881లో టాఫియావో ఆయుధాలు కింద పెట్టారు. ఆ తర్వాతి అయిదారేళ్లలో కింగ్ కంట్రీ తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఆక్లండ్‌ను వెల్లింగ్టన్‌తో కలిపే రైలు మార్గం ఆ నేల మీదుగానే వెళ్లాలి. కొలతలకు వచ్చిన చార్లెస్ హర్స్ట్‌హౌస్ అనే సర్వేయరును 1883లో టె మహుకి అనే మత నాయకుడి అనుచరులు పట్టుకుని కట్టేశారు. మిగతా మావోరీలు వచ్చి విడిపించారు. రైలును రానివ్వాలా, రానిస్తే తమ భూమి ఏమవుతుంది అన్న భయం అప్పుడు ఆ ప్రాంతమంతా ఉంది.

అదే ఏడాది మానియాపోటో, మరికొన్ని తెగలు కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నాయి. తమ భూముల హద్దులు తామే తేల్చుకుంటామని, భూమి కోర్టు తమకు వద్దని అడిగాయి. చర్చలు జరిగాయి, హామీలు వచ్చాయి. 1885 ఏప్రిల్‌లో పునియు నది దగ్గర రైలు పనులకు మొదటి మట్టిపెళ్ల తవ్వింది మానియాపోటో పెద్ద వాహానుయి. ప్రధాని రాబర్ట్ స్టౌట్ ఆ సభకు వచ్చారు.

మరుసటి ఏడాదే భూమి కోర్టు ఓటోరోహాంగాలో కూర్చుంది. తెగ మొత్తానిది అయిన నేలను వ్యక్తుల పేర్ల మీదికి మార్చడం ఆ కోర్టు పని. ఉమ్మడి భూమిని కొనాలంటే అందరూ ఒప్పుకోవాలి. పేర్ల మీద ఉన్న భూమిని ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా కొనొచ్చు. ఏజెన్సీ భూముల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ మెలిక కొత్తది కాదు.

1887లో రైలు ఓటోరోహాంగా చేరింది. అక్కడి నుంచి వైటోమో కొద్ది దూరమే. కొలత గొలుసులతో సర్వేయర్లు ఆ కొండల్లో తిరుగుతున్న కాలం అది. టానే, మేస్ కలిసి తెప్ప ఎక్కింది ఆ ఏడాదే.

నీళ్ల మీద, చీకట్లో

ఇద్దరూ వాగు వెంట గుహలోకి వెళ్లారు. నీళ్లలో దుంగలు, కొట్టుకొచ్చిన చెత్త అడ్డుపడ్డాయి. గెడతో తెప్పను నెట్టుకుంటూ ఒక ఒడ్డుకు చేరారు. దిగి నడిస్తే చుట్టూ సున్నపురాయి రూపాలు. కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, నేల నుంచి లేచిన రాతి మొలకలు కొవ్వొత్తి వెలుగులో మెరిశాయి.

ఆ రాయి సముద్రం అడుగున పుట్టింది. సుమారు మూడు కోట్ల ఏళ్ల కింద గవ్వలు, పగడాలు, చేపల ఎముకలు పేరుకుని గట్టిపడి సున్నపురాయి అయ్యాయి. భూమి కదలికలతో అది పైకి లేచింది, పగుళ్లు పడింది. ఆ పగుళ్లలోకి దిగిన వాన నీరు కొంచెం కొంచెంగా రాయిని కరిగించి గుహలను తొలిచింది. వైటోమో చుట్టుపక్కల ఇలాంటి గుహలు దాదాపు 300 ఉన్నాయి. రాతి ఊడ ఒక ఘన సెంటీమీటరు పెరగడానికి వందేళ్ల దాకా పడుతుందని అంచనా. విరగడానికి మాత్రం ఒక చెయ్యి తగిలితే చాలు. టానే జీవితంలో ఈ తేడాకు ముందు ముందు పెద్ద పాత్ర ఉంది.

ఆ తర్వాత ఇద్దరూ చాలాసార్లు వెళ్లి వచ్చారు. ఒకసారి టానే విడిగా వెళ్లి గుహ పై అంతస్తును, దానికి నేల మీది నుంచే ఉన్న దారిని కనుక్కున్నారు. తెప్ప అవసరం లేకుండా నడిచి వెళ్లగల దారి అది. ఈ రోజుకీ పర్యాటకులు లోపలికి వెళ్లేది ఆ దారినే. వాగు దారి సాహసం ఉన్నవారికే పనికొస్తుంది. ఎవరైనా వెళ్లి చూసి రాగల చోటుగా గుహను మార్చింది టానే కనుక్కున్న దారే.

ఆ వెలుగు ఎక్కడిది?

గుహ కప్పు మీద మెరిసేది మన మిణుగురు కాదు. మిణుగురు రెక్కలున్న పెంకు పురుగు, తోడు కోసం వెలుగుతుంది. వైటోమోలో వెలిగేది ఒక రకం చిన్న దోమలాంటి ఈగ లార్వా. అది వెలిగేది తిండి కోసం. న్యూజీలాండ్‌లో ఈ పురుగు గురించి మొదటిసారి రాసిపెట్టింది 1871 ప్రాంతంలో, థేమ్స్ దగ్గరి ఒక బంగారు గనిలో. యూరప్‌లోని వెలిగే పెంకు పురుగుకు ఇది చుట్టమని మొదట అనుకున్నారు. ఇది ఈగ జాతి లార్వా అని 1886లోగానీ తేలలేదు. 1891లో శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పటి పేరు అరాక్నోకాంపా లుమినోసా 1924లో వచ్చింది. అంటే టానే, మేస్ దీన్ని కళ్లారా చూసే నాటికి శాస్త్రవేత్తలకూ ఇది కొత్తే. మావోరీ భాషలో మాత్రం దీనికి పాత పేరే ఉంది: టిటివై.

పిల్ల పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది. కప్పుకు అంటుకుని పట్టు గూడు కట్టుకుంటుంది. అక్కడి నుంచి పదుల కొద్దీ సన్నటి పట్టు దారాలు కిందికి వేలాడదీస్తుంది. గాలి కదలని గుహల్లో ఒక్కో దారం 30, 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దారం పొడవునా జిగురు చుక్కలు పూసల్లా ఉంటాయి. వాగు నీళ్లలో పుట్టిన చిన్న ఈగలు చీకట్లో పైకి ఎగిరి, ఆ వెలుగును చూసి అటు పోతాయి, దారానికి అంటుకుంటాయి. లార్వా ఆ దారాన్ని నోటితో పైకి లాగి వాటిని తింటుంది. ఆకలిగా ఉన్న పురుగు మరింత వెలుగుతుంది.

ఈ దశ దాదాపు తొమ్మిది నెలలు. తర్వాత గూడు కట్టుకుని రెక్కల ఈగ అవుతుంది. పెద్ద ఈగకు తినే నోరు లేదు. రెండు మూడు రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. ఈ బతుకు సాగాలంటే గుహలో తేమ ఉండాలి, గాలి మెల్లగా ఉండాలి, వాగు శుభ్రంగా ఉండాలి. గాలి ఆరితే దారాలు పనికిరావు. వెలుతురు, చప్పుడు ఎక్కువైతే పురుగు ఆరిపోతుంది. మనుషులు గుంపుగా రావడం మొదలైతే ఈ మూడింటికీ ముప్పే.

భార్యాభర్తలే గైడ్లు

1889 నాటికి టానే గుహను సందర్శకులకు తెరిచారు. అదే ఏడాది ప్రభుత్వ సర్వేయరు థామస్ హంఫ్రీస్ వచ్చి గుహను చూసి నివేదిక రాశారు. పేరు బయటికి పాకింది. రైలు దిగి, గుర్రాల మీద, బండ్ల మీద జనం వచ్చారు. టానే, ఆయన భార్య హుటి దగ్గరుండి వారిని లోపలికి తీసుకెళ్లేవారు. చిన్న రుసుము తీసుకునేవారు.

రెండు దశాబ్దాల కింద తెల్లవారు అడుగు పెట్టలేని నేల అది. అదే నేల మీద ఇప్పుడు మావోరీ దంపతులు తమ గుహను తామే చూపిస్తున్నారు, వచ్చిన డబ్బు తామే తీసుకుంటున్నారు. చుట్టుపక్కల భూమి కోర్టులో ముక్కలవుతున్న కాలంలో, 1890ల్లో సర్కారు ఆ ప్రాంతంలో విరివిగా భూములు కొంటున్న కాలంలో, అమ్మకుండానే భూమి నుంచి బతుకుతెరువు దొరుకుతుందని టానే కుటుంబం చూపించింది. నేల తమ దగ్గరే ఉంది, దాని మీద ఆదాయమూ తమకే వస్తోంది.

ఇలాంటి పని మావోరీలకు కొత్త కాదు. రోటోరువా ప్రాంతంలో టరవేరా కొండ దగ్గర గులాబి, తెలుపు రంగుల రాతి మెట్లు ఉండేవి. వేడి నీటి ఊటలు వేల ఏళ్లుగా కట్టిన మెట్లవి. యూరప్ నుంచి జనం ఓడలెక్కి వచ్చి చూసేవారు. అక్కడి టుహోరాంగి తెగ వారే పడవలు నడిపేవారు, దారి చూపేవారు. గైడ్ సోఫియా పేరు దేశమంతా తెలుసు. 1886 జూన్ 10న టరవేరా అగ్నిపర్వతం పేలింది. ఊళ్లు బూడిద కింద పడ్డాయి, వంద మందికి పైగా చనిపోయారు, ఆ రాతి మెట్లు కనుమరుగయ్యాయి. న్యూజీలాండ్ పర్యాటకానికి ఒక్క రాత్రిలో అతి పెద్ద ఆకర్షణ పోయింది. సరిగ్గా మరుసటి ఏడాది వైటోమో గుహ వెలుగు బయటపడింది.

చూపించినవాడి చేతుల్లోంచి

1901లో న్యూజీలాండ్ ప్రభుత్వం పర్యాటకం కోసం ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టింది. ప్రపంచంలో ఏ ప్రభుత్వం అప్పటికి అలాంటి శాఖ పెట్టలేదు. 1903లో ప్రకృతి దృశ్యాల పరిరక్షణకు ఒక చట్టం వచ్చింది. అందమైన చోట్లను, చారిత్రక స్థలాలను గుర్తించి సర్కారు ఆధీనంలోకి తెచ్చే వీలు ఆ చట్టం కల్పించింది. యజమాని ఒప్పుకోకపోయినా పరిహారం ఇచ్చి తీసుకునే దారి ఉంది.

వైటోమోకు వచ్చేవారు పెరిగేకొద్దీ గుహకు నష్టం కూడా పెరిగింది. గుర్తుగా ఉంచుకోవడానికి రాతి ఊడలను విరిచి తీసుకెళ్లేవారు. ఈ ధ్వంసం పేరుతోనే సర్కారు ముందుకొచ్చింది. 1906 నాటికి గుహ, దాని మీది నేల టానే చేతుల్లోంచి సర్కారు చేతుల్లోకి వెళ్లాయి. పరిహారం ఇచ్చారు. కానీ పరిహారం అంటే భూమికి వెల కట్టడమే. ఏటా వచ్చే రుసుము, రేపు పెరిగే పేరు, వచ్చినవారికి తన గుహను తానే చూపించే హక్కు, ఇవేవీ ఆ లెక్కలోకి రావు.

గుహకు కాపలా అవసరమన్న మాటలో నిజం ఉంది. ఒక కుటుంబం, చేతిలో కొవ్వొత్తులతో, పెరుగుతున్న గుంపులను అదుపు చేయడం కష్టమే. అయితే కాపలా కాయడానికి గుహను తీసుకోవాల్సిన పని లేదు. టానేకు అధికారాలు ఇవ్వొచ్చు, మనుషులను ఇవ్వొచ్చు, గేటు కట్టుకోవడానికి డబ్బు ఇవ్వొచ్చు. రాతి ఊడలు విరిచింది వచ్చిన సందర్శకులు. హక్కు పోయింది మాత్రం గుహ యజమానికి. ఈ తర్కం వైటోమోతో మొదలు కాలేదు, వైటోమోతో ఆగనూ లేదు. అడవిని కాపాడటానికి అడవిలో ఉన్నవారిని పంపేయాలన్న ఆలోచన ఆ కాలంలో బ్రిటిష్ పాలన ఉన్న చాలా చోట్ల నడిచింది, మన దేశంలోనూ నడిచింది.

కొన్నేళ్లలో వైటోమోలో హోటల్ వెలిసింది. 1908లో ఆక్లండ్, వెల్లింగ్టన్ మధ్య రైలు మార్గం పూర్తయింది. 1910లో రురుకు అరానుయి అనే మావోరీ వేటగాడు దగ్గర్లోనే మరో గుహను కనుక్కున్నారు, ఆయన పేరే దానికి స్థిరపడింది. వైటోమో దేశానికి గర్వకారణమైంది. పోస్టర్లలో, ప్రకటనల్లో నీలి వెలుగు కనిపించేది.

సర్కారు చేతిలో మసకబారిన గుహ

టానే చేతుల్లోంచి గుహను తీసుకోవడానికి చెప్పిన కారణం రక్షణ. ఆ రక్షణ ఎలా సాగిందో 1970ల్లో తేలింది. అప్పటికి ఏటా వచ్చేవారు భారీగా పెరిగారు. గుహ పై ద్వారానికి ఉన్న గట్టి తలుపు తీసేసి, గాలి ఆడే ఊచల గేటు పెట్టారు. దాంతో బయటి గాలి కింది దాకా ఆగకుండా వీచింది. లోపలి తేమ తగ్గింది. 1979లో గుహలోని పురుగుల్లో ఎక్కువ భాగం వెలగడం మానేశాయి. గుహను కొన్ని నెలలు మూసేయాల్సి వచ్చింది.

తలుపును మళ్లీ బిగించి, గాలిని అదుపు చేశాక వెలుగు మెల్లగా తిరిగొచ్చింది. అప్పటి నుంచి గుహలో గాలి, తేమ, ఉష్ణోగ్రతలను నిత్యం కొలుస్తున్నారు. మనుషుల ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ మీదా నిఘా ఉంది. పది లక్షల వంతుల్లో 2,400 దాటితే అది తేమలో కలిసి సున్నపురాయిని తినేస్తుంది కాబట్టి ఆ హద్దు దాటకుండా చూస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు.

సర్కారు నిర్లక్ష్యం చేసిందనో, టానే కుటుంబం దగ్గరే ఉంటే ఈ ముప్పు వచ్చేది కాదనో అనడానికి లేదు. అప్పట్లో గుహ గాలి గురించి ఎవరికీ పెద్దగా తెలియదు. కానీ ఒక మాట మాత్రం చెప్పొచ్చు. యజమాని మారితే గుహ దానంతటదే భద్రమైపోదు. గుహను కాపాడింది తెలుసుకోవడం, కొలవడం, గుంపులకు హద్దు పెట్టడం. వీటిలో ఏదీ స్థానికులను పక్కకు నెడితేనే జరిగేది కాదు.

మనవళ్ల దగ్గరికి

1975లో న్యూజీలాండ్ వైటాంగి ట్రిబ్యునల్ పెట్టింది. 1840 ఒప్పందాన్ని సర్కారు ఉల్లంఘించిందన్న ఫిర్యాదులు వినడం దాని పని. మొదట అది కొత్త ఫిర్యాదులే వినేది. 1985లో చట్టం మార్చి, 1840 నుంచి జరిగిన అన్యాయాలన్నీ వినే అధికారం ఇచ్చారు. దేశం నలుమూలల నుంచి పాత భూముల లెక్కలు బయటికొచ్చాయి. వైటోమో లెక్క కూడా అందులో ఉంది.

1989, 1990ల్లో అది తేలింది. గుహ, దాని భూమి టానే, హుటిల వారసులకు తిరిగి దక్కాయి. లీజు కొనసాగేలా భూమి బదిలీ అయింది, దానితో పాటు పది లక్షల డాలర్ల రుణం కూడా ఇచ్చారు. టానే వారసుల తరఫున రువాపుహా ఉవేకాహా ట్రస్టు బాధ్యతలు తీసుకుంది. గుహ ఆదాయంలో వారికి వాటా ఉంది, నిర్వహణలోనూ అభివృద్ధిలోనూ మాట చెల్లుతుంది. ఒప్పందం ఉల్లంఘనల పరిష్కారాల్లో ఇది తొలి వాటిలో ఒకటి.

పూర్తి న్యాయం అని దీన్ని అనలేం. మధ్యలో పోయిన ఎనభై ఏళ్ల రుసుములను ఎవరూ లెక్కగట్టి ఇవ్వలేదు. భూమి వచ్చింది కానీ దాని మీద లీజు అలాగే ఉంది. రుణం అంటే తీర్చాల్సిన డబ్బే. అయినా, ఎవరి నేల అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు వచ్చింది.

రువాకురి గుహ విషయంలో మరో మార్పు కనిపించింది. 1988లో హక్కుల వివాదంతో మూసేసిన ఆ గుహను 2005లో మళ్లీ తెరిచారు. పాత ముఖద్వారం శ్మశాన స్థలం కాబట్టి పర్యాటకులను అటు నుంచి పంపడం ఆపేసి, వేరే చోట చుట్టు మెట్ల దారి తవ్వి లోపలికి తీసుకెళ్తున్నారు. ఆ చోటు తమకు ఎందుకు పవిత్రమో మావోరీలు చెప్పగలిగే స్థితి వచ్చాకే ఇది సాధ్యమైంది.

బొర్రా నుంచి చూస్తే

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో బొర్రా గుహలు చూసినవారికి ఈ కథలో చాలా భాగం దగ్గరిదే అనిపిస్తుంది. అక్కడా సున్నపురాయి, నేల కింది నీరు, రాతి ఊడలు. అక్కడా దగ్గర్లోనే రైలు మార్గం. పైనుంచి గుంతలో పడిన ఆవును వెతుకుతూ వెళ్లిన పశువుల కాపరే గుహను చూశాడని స్థానికులు చెప్పుకుంటారు. కొండ చుట్టూ ఊళ్లలో ఉన్నది గిరిజనులు. గుహను నడిపేది ప్రభుత్వ పర్యాటక సంస్థ.

బొర్రా ఉన్న అనంతగిరి మండలంలోనే, ఆ చుట్టుపక్కల ఖనిజ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులైలో వచ్చిన తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవని తేల్చింది. ప్రభుత్వం కూడా ఈ విషయంలో గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుందని చెప్పింది. తవ్వకాల లాభంలో కొంత భాగం స్థానికుల అభివృద్ధికి పెట్టాలన్న మాట కూడా అందులో ఉంది. భూమి ఎవరిదైతే దాని మీది ఆదాయంలో వారికి వాటా ఉండాలన్నది ఆ తీర్పు సారం.

గనుల విషయంలో కోర్టు చెప్పిన ఈ మాట పర్యాటకానికి ఎంతవరకు వర్తిస్తుంది? గుహ ముందు దుకాణం పెట్టుకోవడం, లోపల లైటు పట్టుకుని నడవడం, దినకూలీకి పని చేయడం వాటా కిందికి వస్తుందా? టికెట్టు డబ్బులో, నిర్ణయాల్లో చోటు ఉంటేనే వాటా అనాలా? వైటోమో ఒక జవాబు చెప్పింది. అది చెప్పడానికి ఒక చట్టం, ఒక ట్రిబ్యునల్, ఎనభై ఏళ్లు కావాల్సి వచ్చాయి. అంతకాలం ఆగకుండా ముందే చేయగలిగిన పని అది.

పడవ కదిలే చోట

వైటోమో పర్యటన చివర్లో సందర్శకులు చిన్న పడవ ఎక్కుతారు. ఇంజన్ ఉండదు, తెడ్డు ఉండదు. గైడు చీకట్లో నిలబడి, పైన కట్టిన తాళ్లను చేత్తో లాగుతూ పడవను నడుపుతారు. మాట్లాడొద్దని ముందే చెబుతారు. నీళ్ల చుక్కలు పడే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. పైన వేల పురుగులు ఆకలితో వెలుగుతుంటాయి. పడవ బయటికి వచ్చేది 1887లో ఆ తెప్ప లోపలికి వెళ్లిన వాగు మీదుగానే.

ఆ గుహలో పనిచేసేవారిలో చాలామంది టానే, హుటిల వంశం వారే. నూట ముప్పై ఏళ్ల కింద ఆ దంపతులు చేసిన పనే వారూ చేస్తున్నారు. మధ్యలో చాలా కాలం ఆ గుహ వారిది కాకుండా పోయింది. ఇప్పుడు వారు తాడు లాగేది సొంత గుహలో.